టర్బో ఆపేశారా? అయితే ఒక్క నిమిషం

పోయిన నెల ఒకాయన కూతురి ల్యాప్‌టాప్ పట్టుకుని మా షాపుకి వచ్చారు. "ప్రాసెసర్ పోయింది, బోర్డు మార్చాలన్నారండీ. అంత పెట్టే బదులు కొత్తది కొనేయమంటారా?" అని అడిగారు. అమ్మాయి బీటెక్ చదువుతోంది. ఆయన ముఖంలో టెన్షన్ తెలిసిపోతోంది.

అందులో ఉన్నది ఇంటెల్ ఐ5-8250యూ ప్రాసెసర్. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి, పక్కన ఒక పెద్ద జిప్ ఫైల్ విప్పడం మొదలుపెట్టాను. స్పీడ్ 1.6 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయింది, అది దీని మామూలు (బేస్) స్పీడ్. టర్బో అంటే బరువైన పని వచ్చినప్పుడు ప్రాసెసర్ తన బేస్ స్పీడ్ దాటి పరుగెత్తడం, అందులో ఈ చిప్ 3.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లాలి. పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి చూస్తే, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద 'మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్' 99 శాతం అని ఉంది. బ్యాటరీకీ అంతే, ఛార్జింగ్‌కీ అంతే. ఎండాకాలంలో వేడెక్కుతోందని ఏదో వీడియో చూసి అమ్మాయే పెట్టుకుంది, తర్వాత మర్చిపోయింది. రెండు చోట్లా 100 చేయగానే స్పీడ్ 3 దాటింది.

అందరూ ఒక్క శాతమే కదా అనుకుంటారు. బేస్ స్పీడ్ దాటి పైకి వెళ్లే అనుమతి 100లోనే ఉంటుంది. 99 పెడితే చాలా ల్యాప్‌టాప్‌లలో టర్బో మొత్తం ఆగిపోతుంది. ఈ చిప్‌కైతే అది సగానికి పైగా వేగం.

జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ అపోహ వల్లే: "టర్బో ఆన్‌లో ఉంటే ప్రాసెసర్ కాలిపోతుంది." కాలిపోదు. ఇది ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ పెట్టిన హద్దు దాటించి మనం చిప్‌ని పరుగెత్తించడం) కాదు. 2008లో నెహాలెమ్ చిప్‌లతో ఇంటెల్ తెచ్చిన సదుపాయం ఇది, కంపెనీ పెట్టిన హద్దుల్లోనే నడుస్తుంది. ఈ 8250యూకి ఆ హద్దు 100 డిగ్రీలు. దాని దగ్గరికి వచ్చేసరికి చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. బరువైన పని చేసేటప్పుడు 85, 90 కనిపిస్తే భయపడకండి. ఏ పనీ లేకుండా 80 చూపిస్తుంటే మాత్రం మూత విప్పించండి. ఈ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్‌కీ హీట్‌సింక్ (చిప్ వేడిని లాగేసే లోహపు భాగం) రెక్కలకీ మధ్య దుమ్ము దూదిలా అట్టకట్టి ఉంది, పట్టకారుతో లాగితే ఒకే ముక్కగా వచ్చింది. చిప్ వేడిని హీట్‌సింక్‌కి అందించే పేస్ట్ కూడా ఎండిపోయింది. అసలు జబ్బు అది. దాన్ని వదిలేసి టర్బో ఆపడమంటే జ్వరం తగ్గించకుండా థర్మామీటర్ దాచేయడమే.

"మొదట 3.4 చూపించి కాసేపటికి పడిపోతోంది, పాడైందా?" అని కూడా చాలామంది అడుగుతారు. పాడవలేదు. ఇది 15 వాట్ల చిప్. కొన్ని సెకన్ల పాటు అంతకంటే ఎక్కువ కరెంటు తీసుకుని, మళ్లీ తన హద్దులోకి వస్తుంది. డబ్బా మీద రాసిన పెద్ద అంకె అన్ని కోర్లకీ (చిప్‌లో పని చేసే భాగాలకీ), అన్ని వేళలా అని కాదు.

"ఏఎమ్‌డీలో టర్బో ఉండదు" అనే మాట కూడా తప్పే. ఇంటెల్‌కి పోటీ అయిన ఆ కంపెనీ చిప్‌లలో పేరు వేరు, ప్రిసిషన్ బూస్ట్ అంటారు.

లినక్స్ వాడేవాళ్లు పొరబడేది ఇంకోచోట. ప్రాసెసర్ స్పీడ్ సెట్టింగ్‌లుండే ఇంటెల్ పీ-స్టేట్ ఫోల్డర్‌లో 'నో టర్బో' అనే ఫైల్ ఉంటుంది. అందులో 0 కనిపిస్తే టర్బో ఆగిపోయిందనుకుని కంగారుపడతారు. పేరులోనే 'నో' ఉంది కదా, 0 అంటే టర్బో నడుస్తున్నట్టు, 1 అంటే ఆపినట్టు. రూట్‌గా (అడ్మిన్ అధికారంతో) మార్చినా రీస్టార్ట్ చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

టర్బో ఎప్పుడూ ఆపకూడదని నేననను. మే నెలలో కరెంటు పోయి బ్యాటరీ మీద బిల్లులు రాసుకోవాల్సి వస్తే నేనూ 99 పెడతాను. ఫ్యాన్ గోల తగ్గుతుంది, ఛార్జింగ్ ఇంకాసేపు వస్తుంది. అది కూడా 'ఆన్ బ్యాటరీ' గడిలో మాత్రమే, 'ప్లగ్‌డ్ ఇన్' దగ్గర 100 అలాగే ఉంచుతాను.