ఏడు రోజులా, ముప్పై రోజులా: పేదరికం లెక్క మారిన చోటు

పీ4 (ప్రభుత్వ-ప్రైవేటు-ప్రజల భాగస్వామ్యం) కింద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆదుకోవాలని ఎంచిన పేద ఇళ్ల, అంటే బంగారు కుటుంబాల మాట వచ్చినప్పుడల్లా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఒకటే ప్రశ్న: పేదరికం దాదాపు పోయిందని సర్వేలు చెబుతుంటే, ఆదుకోవాల్సిన కుటుంబాలు ఇన్ని ఎక్కడివి? 2011-12లో 27.1 శాతమున్న తీవ్ర పేదరికం 2022-23కి 5.3 శాతానికి దిగిందని ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో చెప్పింది.

చిక్కుముడి పడింది ఇళ్ల ఖర్చు అడిగే 2011-12 జాతీయ సర్వేలోనే. ఆ ఏడాది ఒకే ఊళ్లలో రెండు వరసల ఇళ్లకు రెండు రకాల ప్రశ్నపత్రాలు వెళ్లాయి. ఒకటి తిండి ఖర్చంతా గత 30 రోజులకు అడిగింది. రెండోది నూనె, చేపలు, గుడ్లు, కూరగాయలు, పొగాకులను 7 రోజులకే అడిగింది. దేశంలో గ్రామీణ తలసరి నెల ఖర్చు మొదటి పద్ధతిలో సుమారు 1,287 రూపాయలు, రెండోదానిలో 1,430. ఎవరి బతుకూ మారలేదు, అడిగిన రోజులే మారాయి.

వారపు సంతలో కొనే ఇంటికి నెల క్రితం కొన్న ఎండుచేపలు గుర్తుండవు, అందుకే 7 రోజుల పద్ధతి మెరుగని గణాంక శాఖ వాదన. అందులో నిజముంది. కానీ ఆ వారంలో 350 ఖర్చయితే నెలకు 1,500గా లెక్కకెక్కుతుంది. సిరిమానోత్సవం వారమైతే ఆ ఖర్చూ అలాగే పెరుగుతుంది. సముద్రంలో వేట నిషేధముండే ఏప్రిల్ 15 - జూన్ 14 మధ్య అడిగితే అంకె కిందికి వాలుతుంది.

అసలు అన్యాయం పేదరికపు గీత దగ్గర, అంటే ఎంత ఖర్చుకు లోపుంటే పేదలని లెక్కించాలో చెప్పే హద్దు దగ్గర. ఆంధ్ర పల్లెలకు తెందూల్కర్ కమిటీ పద్ధతిలో వచ్చిన నెలకు తలసరి 860 రూపాయల గీత మొదటి రకం ప్రశ్నపత్రం మీద కట్టింది. దేశంలో పేదలు 21.9 శాతమని తేలింది ఆ పద్ధతితోనే. రెండో రకం మీద రంగరాజన్ కమిటీ 2014లో కొత్త గీత కడితే అదే ఏడాదికి 29.5 శాతం తేలింది. ప్రభుత్వం దాన్ని స్వీకరించలేదు. 2017-18 సర్వేను పక్కన పెట్టేశారు. 2022-23లో అధికారులు ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్లారు. ఇలా అడిగే తీరు మారిన సర్వే ఖర్చు అంకెను పాత గీతతో కొలిస్తే తగ్గుదలలో ఎంత నిజమో, ఎంత ప్రశ్నపత్రం మహిమో విడదీయలేం.

ఇంకొకటి మన దగ్గర చాలా బరువైనది. ఈ సర్వే ఆదాయాన్ని కాదు, ఖర్చును కొలుస్తుంది. ఉద్దానంలో కిడ్నీ వైద్యానికి అప్పు తెచ్చి కట్టిన బిల్లు కూడా ఆ ఇంటి తలసరి ఖర్చును పెంచి, ఇంటిని గీత దాటించగలదు.