తిరగని ఎలక్ట్రాన్ గొడవ: మెలికంతా 1916లోనే

బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ వీడియో మళ్లీ తిరుగుతోంది. ఎలక్ట్రాన్ కేంద్రకం చుట్టూ తిరగదట, ఉన్నచోటే ఉండే కరెంటు వలయమట, అంటే ఓ చిన్న అయస్కాంతం. అలాంటివి రెండు అతుక్కోవడమే రసాయన బంధమట. ఈ సంగతిని వందేళ్లుగా తొక్కిపెట్టారన్నది అసలు ఆరోపణ. ప్లస్ టూ పిల్లలు ట్యూషన్లో అడిగితే, ‘నీట్‌లో మార్కులు రావు, వదిలెయ్’ అని మాస్టార్లు కసురుకుంటున్నారు.



తొక్కిపెట్టారన్నది మాత్రం అబద్ధం. వలయం ఊహను 1915లో ఆల్ఫ్రెడ్ పార్సన్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రతిపాదిస్తే అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థే అచ్చువేసింది. అదేమీ పిచ్చి ఊహ కాదు. గుండ్రంగా తిరిగే విద్యుదావేశం శక్తిని వెదజల్లుతూ చివరికి కేంద్రకంలో పడిపోవాలి. పడదని భౌతిక శాస్త్రవేత్త బోర్ 1913లో నియమం పెట్టాడే గానీ, ఎందుకు పడదో చెప్పలేదు. వలయంలో నిలకడగా పారే కరెంటుకి ఆ బాధ లేదు.

మరుసటి ఏడాదే అమెరికా రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ దీన్ని అందుకున్నాడు. ఆయన 1902 నుంచే, పిల్లలకు పాఠం చెప్పడానికి, పరమాణువును ఘనంలా గీసేవాడు. రెండు లూడో పాచికలు తీసుకోండి. మూలకో ఎలక్ట్రాన్, ఒక్కో పాచికకు ఎనిమిది. అంచుకు అంచు కలిపితే రెండు ఎలక్ట్రాన్లు ఉమ్మడి, అది ఏకబంధం. ముఖానికి ముఖం ఆనిస్తే నాలుగు, అది ద్విబంధం. ఆరింటిని ఉమ్మడి చేయాలంటే ఎటు తిప్పినా కుదరదు. వెల్డింగ్ షాపులో మండే ఎసిటిలీన్‌కి కావలసింది సరిగ్గా ఆ ఆరే. దాంతో 1916 వ్యాసంలో లూయిస్ మూలల్లోని ఎలక్ట్రాన్లను జతలుజతలుగా దగ్గరికి లాగాడు. నాలుగు జతలు, చతుర్ముఖి ఆకారం. రెండూ రుణావేశాలే, తోసుకోవాలి కదా, జత ఎలా కడతాయి? పార్సన్ పేరు చెప్పి మరీ ఆ అయస్కాంతాల వైపు చూశాడాయన.

మాస్టార్లు ఈ ముక్క చెప్పడం లేదు. బంధం అని బోర్డు మీద రోజూ పెట్టే ఆ రెండు చుక్కలు ఆ వ్యాసంలోవే. కసురుకున్న ఆలోచనకు వాటితో చుట్టరికం ఉంది.

మరి వలయం ఎందుకు పోయింది? లెక్క దగ్గర. హైడ్రోజన్ అణువులో రెండు పరమాణువుల్ని విడదీయడానికి సుమారు 4.5 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల స్థాయిలో శక్తికి కొలత) కావాలి. ఆ అణువులో ఉండేంత దూరంలో రెండు ఎలక్ట్రాన్ల మధ్య అయస్కాంత ఆకర్షణ దానికన్నా పదివేల రెట్లకు పైగా తక్కువ. కానీ 1927లో హైట్లర్, లండన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు క్వాంటం లెక్కతో (అతి సూక్ష్మ కణాల నడకను చెప్పే సిద్ధాంతంతో) బంధబలంలో మూడింట రెండు వంతులు రాబట్టారు. 1933లో జేమ్స్, కూలిడ్జ్ దాదాపు మొత్తం రాబట్టారు. జత మిగిలింది, దాన్ని అతికించిన జిగురు మారిపోయింది.

వీడియో సమర్థకులు ‘క్వాంటంలో బొమ్మ ఏదీ?’ అంటున్నారు. అడగదగ్గ ప్రశ్నే, కానీ 4.5కి జవాబు కాదు. వీడియో రెండో భాగంలో మిగతా మూలకాలన్నిటి బొమ్మలూ చూపిస్తారట. ముందు హైడ్రోజన్ లెక్క తేల్చాలి.