అపోహలు – వాస్తవాలు: ఆర్ఖమ్ ఆరిజిన్స్ "మళ్ళీ అదే ఆట" కాదు

బరంపురంలో గేమ్ పార్లర్ నడుపుతాను, పాత డిస్కులు కొని అమ్ముతాను. గిరి రోడ్డు వైపు నుంచి వచ్చే కాలేజీ పిల్లలు, సెలవులకి ఇచ్ఛాపురం నుంచి రైలెక్కి వచ్చే కుర్రాళ్ళు, అందరూ బ్యాట్‌మ్యాన్ డిస్కులు తిరగేసి ఒకదాన్ని, 'ఆర్ఖమ్ ఆరిజిన్స్'ని, మాత్రం తీసి పక్కన పెట్టేస్తారు. "ఏటన్నా, ఇది ముందొచ్చిన 'ఆర్ఖమ్ సిటీ' ఆటే కదా, పేరు మార్చి అమ్మేశారట." ఎవరన్నారు అంటే చెప్పలేరు. ఎక్కడో వీడియోలో విన్నారు. ఆ మాట వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

అపోహ: ఆరిజిన్స్‌లో కొత్తదేమీ లేదు, సిటీ ఆడినవాడికి దండగ.

ముందు విమర్శలో నిజమెంతో చూద్దాం. ఈ ఆర్ఖమ్ ఆటల వరుసలో 2009లో అసైలం, 2011లో సిటీ చేసింది రాక్‌స్టెడీ అనే స్టూడియో. 2013 అక్టోబరులో వచ్చిన ఆరిజిన్స్ చేసింది వార్నర్ వాళ్ళ మాంట్రియల్ స్టూడియో. ఫైటింగ్ పద్ధతి మార్చలేదు. మ్యాప్‌లో ఉత్తరం వైపంతా సిటీలో తిరిగిన చోటే. శత్రువుని కదలకుండా అంటించే గ్లూ గ్రెనేడ్ అంటే సిటీలోని ఫ్రీజ్ బ్లాస్టే, పేరు మారింది. ఇంతవరకు ఎవరన్నా కాదనను.

కానీ అక్కడితో ఆట అయిపోయిందా? సిటీలో ఆ ప్రాంతం గోడకట్టిన జైలు. ఇందులో అది ఇంకా ఊరే, క్రిస్మస్ ముందు రాత్రి, మంచు పడుతోంది. మన బరంపురం ఠాకురాణీ అమ్మవారి యాత్రప్పుడు రోజూ నడిచే వీధుల్లోనే వేషాలు చూడ్డానికి అర్ధరాత్రి దాకా నిలబడతాం, తెలిసిన వీధే కదా అని ఎవరూ ఇంటికి పోరు. బ్లాక్ మాస్క్ అనే ముఠా నాయకుడి పేరుతో బ్యాట్‌మ్యాన్ తలకి 5 కోట్ల డాలర్లు కట్టారు, 8 మంది హంతకులు దిగారు, పోలీసులూ అతణ్ణే వెతుకుతున్నారు, పోలీసు గోర్డన్ ఇంకా కెప్టెనే, బ్యాట్‌మ్యాన్‌ని నమ్మడు. బ్యాట్‌మ్యాన్ కూడా కొత్తవాడు, కోపిష్టి, ఇంట్లో చూసుకునే ఆల్ఫ్రెడ్ మాట కూడా వినడు. ఆ తేడా ఆట పొడుగునా తెలుస్తుంది.

ఫైటింగ్ సంగతికొస్తే, "అదే ఫైటింగ్" అన్న కుర్రాళ్ళు ఆ 8 మందిలో ఒకడైన డెత్‌స్ట్రోక్ దగ్గర చేసేది నేను పక్కన నిలబడి చూస్తుంటాను. పెంగ్విన్ అనే విలన్ ఓడలో వస్తాడు వాడు. సిటీ అలవాటుతో దెబ్బ కొట్టే స్క్వేర్ బటన్ దడదడ నొక్కేస్తారు. వాడు ప్రతి దెబ్బా ఆపేసి తిరిగి కొడతాడు. అప్పుడు కౌంటర్ బటన్ ట్రయాంగిల్ (ఎదుటివాడి దెబ్బ ఆపి తిరిగి కొట్టేది) మీద పడతారు, తెర మీద కౌంటర్ గుర్తు కనిపించకముందే నొక్కేస్తారు, మళ్ళీ దెబ్బ. ఆ పోరులో నొక్కడం కాదు ముఖ్యం, ఆగడం. వాడి భుజం కదిలే దాకా వేలు ఎత్తి ఉంచాలి, ఒక దెబ్బ ఆపగానే రెండోదానికి సిద్ధంగా ఉండాలి. మామూలు రౌడీల్లో కూడా మార్షల్ ఆర్ట్స్ వాళ్ళుంటారు, మన కౌంటర్‌నే వాళ్ళు కౌంటర్ చేస్తారు. సగంలో కంట్రోలర్ కింద పెట్టేసి "బోర్ అన్నా" అనేవాళ్ళలో చాలామంది ఆపేది బోర్ కొట్టి కాదు, అక్కడ ఇరుక్కుపోయి. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు, అది కష్టమైన ఫైటే. చెయ్యి నెమ్మది చెయ్యండి, దాటేస్తారు.

ఇంకా కేసులు. సిటీలో డిటెక్టివ్ మోడ్ (ఆధారాలు చూపించే ప్రత్యేక చూపు) అంటే జాడ పట్టుకుని వెళ్ళడమే ఎక్కువ. ఇందులో కూలిపోయిన హెలికాప్టర్ మన కళ్ళముందే నీడలా మళ్ళీ గాల్లోకి లేస్తుంది. దాన్ని వెనక్కి, ముందుకి తిప్పుతూ, ఏ ముక్క ఎటు ఎగిరిందో చూసి, అక్కడికి వెళ్ళి ఆధారం వెతకాలి. మెడికల్ కాలేజీ కుర్రాడొకడు గంట డబ్బులు ఇచ్చి, కొట్లాటలన్నీ వదిలేసి ఈ కేసులు మాత్రమే ఆడి వెళ్ళేవాడు.

ఇక కథ. బ్యాట్‌మ్యాన్, అతని పెద్ద శత్రువు జోకర్ మొదటిసారి ఎదురుపడేది ఇక్కడే. ఎత్తైన హోటల్ మీంచి జోకర్ పడిపోతుంటే బ్యాట్‌మ్యాన్ దూకి పట్టుకుంటాడు. తనని చంపడానికి తిరుగుతున్నవాణ్ణి ఇతనెందుకు కాపాడాడు? ఆ ప్రశ్న జోకర్ బుర్రలో తిష్ట వేసుకుంటుంది. జైల్లో డాక్టర్ హార్లీన్ (తర్వాత హార్లీ క్విన్ అయ్యేది ఈవిడే) ముందు కూర్చుని బ్యాట్‌మ్యాన్ గురించే చెబుతాడు. ఆవిడేమో తన గురించే చెబుతున్నాడనుకుంటుంది. తర్వాతి ఆటల్లో ఆ ముగ్గురి మధ్య నడిచేదానికంతటికీ బీజం అక్కడే పడింది. "కొత్తదేమీ లేదు" అన్న ఒక్క పుకారు వల్ల జనం పోగొట్టుకుంటున్నది ఇదీ. నాకు కోపం వచ్చేదీ ఇందుకే.

ఇంకో మాట. ఈ విమర్శ పుట్టింది 2013లో, సిటీ వచ్చి రెండేళ్ళే అయినప్పుడు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాడికి అది వర్తించదు. "ఏది ముందు ఆడాలి, తప్పు వరుసలో ఆడితే కథ పాడైపోతుందా" అని టెన్షన్ పడి పాకెట్ మనీ పట్టుకుని నిలబడే తమ్ముళ్ళకి నేను చెప్పేది: ఆరిజిన్స్‌తోనే మొదలుపెట్టండి. సిటీ ముందే ఆడేశారా, పరవాలేదు, కొన్నాళ్ళు ఆగి ఇది ఆడండి. వెంటనే పెట్టుకుంటే ఏదైనా ఒకేలా ఉంటుంది.

అపోహ: అసైలం, సిటీల్లో బ్యాట్‌మ్యాన్‌కి గొంతిచ్చిన కెవిన్ కాన్‌రాయ్ గొంతు లేదు, అసలు వరుసలో లెక్కలోకి రాదు.

అదే వరుసలో 2024లో వచ్చిన ఆర్ఖమ్ షాడో ఆట కథ నడిచేది ఆరిజిన్స్‌కీ అసైలంకీ మధ్యనే, బ్యాట్‌మ్యాన్ గొంతు కూడా ఆరిజిన్స్‌లోని రోజర్ క్రెయిగ్ స్మిత్‌దే. ఇంకేం లెక్క కావాలి? జోకర్‌గా ట్రాయ్ బేకర్ గొంతు వినకుండా మాట్లాడొద్దు. ఒక జాగ్రత్త: 'రిటర్న్ టు ఆర్ఖమ్' ప్యాక్‌లో ఉన్నవి అసైలం, సిటీ మాత్రమే. అన్నీ వచ్చేశాయనుకుని కొనకండి.

అపోహ: ఆటంతా బగ్గులమయం (ప్రోగ్రాంలో తప్పులు).

వచ్చిన కొత్తలో నిజమే, సేవ్‌లు కూడా పోయాయి. కంపెనీ బగ్గుల కంటే కొత్త ఎపిసోడ్‌కే ముందు చోటిచ్చింది, అది తప్పే. ఆడేటప్పుడు సేవ్ గుర్తు తిరుగుతుంటే మాత్రం స్విచ్ ఆపకండి, కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టకండి.

అపోహ: మల్టీప్లేయర్ (ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడేది) మూసేశారు, కాబట్టి ఆట సగమే.

దాని సర్వర్లు 2016 డిసెంబరులో ఆపేశారు. కథకి దాంతో సంబంధం లేదు. మిస్టర్ ఫ్రీజ్ అనే విలన్ కథ, 'కోల్డ్, కోల్డ్ హార్ట్', 2014లో విడిగా వచ్చింది. పాత డిస్క్ కొంటే అందులో ఉందనుకోకండి, అడిగి తీసుకోండి. అసలు కథ పూర్తయ్యాకే పెట్టుకోండి.