నడుం నొప్పిలో స్కాన్ కంటే ముందు కాలిని గమనించండి

నడుం నొప్పితో ఎమ్మారై తీయించుకున్నవాళ్లు చాలామంది రిపోర్టు చూసి హడలిపోతారు. అందులో ‘ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్’ అని, అంటే నడుంలోని నాలుగు, ఐదో పూసల మధ్య ఉండే మెత్తటి దిండులాంటి డిస్క్ ఉబ్బిందని ఉంటుంది, ఇక వంగకూడదు, బరువు ఎత్తకూడదు, జీవితమంతా ఇంతే అని ఇంట్లోవాళ్లూ తేల్చేస్తారు. కానీ 1994లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, అసలు నడుం నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీస్తే వాళ్లలో 52 శాతం మందికి కనీసం ఒకచోట డిస్క్ ఉబ్బి కనిపించింది! అందుకే రిపోర్టు ఒక్కటే పట్టుకుని టెన్షన్ పడొద్దు. నొప్పి ఎక్కడిదాకా పాకుతోంది, ఏం చేస్తే పెరుగుతోంది, ఎలా ఉంటే తగ్గుతోంది అన్నవి ముందు చూసుకోవాలి.

నడుం మాత్రమే పట్టేసి, కాళ్లలోకి ఏమీ దిగకపోతే అది ఎక్కువగా కండరాలు, కీళ్ల నొప్పే. కొన్ని వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. రోజుల తరబడి మంచం మీదే ఉండటం కంటే మెల్లగా తిరుగుతూ ఉండటమే మేలు.

డిస్క్ జరిగి నరాన్ని నొక్కితే నొప్పి పిరుదు నుంచి తొడ వెనకగా పిక్క దాకా, ఒక్కోసారి పాదం దాకా జివ్వున లాగుతుంది. దీన్నే సయాటికా అంటాం. దగ్గినా తుమ్మినా ఎక్కువవుతుంది. ఏ నరం నలిగిందో చాలాసార్లు పాదమే చెప్పేస్తుంది: పాదం పైభాగంలో తిమ్మిరి, బొటనవేలు పైకి లేపలేకపోవడం, మడమల మీద నడవలేకపోవడం ఉంటే ఎల్5 నరం; చిటికెనవేలి వైపు తిమ్మిరి, మునివేళ్ల మీద లేవలేకపోవడం ఉంటే దాని కిందిదైన ఎస్1. డాక్టర్లు మిమ్మల్ని మడమల మీదా, మునివేళ్ల మీదా నడిపించి చూసేది ఇందుకే. బయటికి వచ్చిన డిస్క్ ముక్క చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే కుంచించుకుపోతుంది కాబట్టి అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, కానీ కాల్లో బలం రోజురోజుకీ తగ్గుతుంటే మాత్రం ఆగకూడదు.

పెద్దవయసులో కథ వేరు. నరాలు వెళ్లే దారి ఇరుకైపోయి, కాస్త దూరం నడవగానే రెండు కాళ్లూ బరువెక్కుతాయి, కూర్చుంటేనో ముందుకు వంగితేనో హాయిగా ఉంటుంది. రక్తనాళాలు పూడుకుపోయినా నడిస్తే కాళ్లు లాగుతాయి గానీ, అక్కడ ఊరికే నిలబడినా తగ్గిపోతుంది.

కుర్రవాళ్లలో మూడు నెలలకు మించి నొప్పి ఉండి, పొద్దున లేవగానే నడుం అరగంటకు పైగా బిగుసుకుపోయి, పనిలో పడ్డాక సడలుతుంటే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌ని, అంటే వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బుని, అనుమానించాలి. ‘ఈ వయసులో నడుం నొప్పేంటి’ అని కొట్టిపారేయడం వల్లే ఇది ఏళ్ల తరబడి బయటపడదు, నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని నొప్పి కూడా ఉంటే వెన్నుపూసకు టీబీ ఉందేమో చూడాలి, మన దేశంలో అది ఇంకా ఉంది.

అన్నిటికంటే తొందరపడాల్సింది ఒకటుంది. వెన్నుపాము మొదటి నడుం పూస దగ్గరే దాదాపు ఆగిపోతుంది, అక్కడి నుంచి కిందికి నరాల కట్టే వెళ్తుంది. పెద్ద డిస్క్ ముక్క ఆ కట్టనంతా నొక్కేస్తే కూర్చునే చోట, మర్మాంగాల దగ్గర స్పర్శ పోతుంది, మూత్రం బిగుసుకుపోతుంది లేదా తెలియకుండానే వస్తుంది. అప్పుడు రేపు చూద్దాం అనుకోకుండా, రాత్రయినా సరే, పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.