వంపు అద్దం మీద ఒక్క శాతం

"వేడి చేస్తే వస్తువులు వ్యాకోచిస్తాయని చిన్నప్పుడే చదువుకున్నాం. మరి కారు వెనక అద్దానికి టింట్ ఫిల్మ్ వేసేవాళ్లు హీట్ గన్ పెట్టగానే ఆ ముడతలు కుంచించుకుపోతాయేం?" అని ఒక పాఠకుడు అడిగారు. ఇంత చక్కటి ప్రశ్న వచ్చి చాలా రోజులైంది. ఆ బెత్తెడు ముడతలో జ్యామితి ఉంది, అణువుల ఆట ఉంది, వేడి ఎటు పారుతుందన్న లెక్క ఉంది. ఫిల్మ్ ఎంత వెలుగును ఆపుతుంది, ఏ రంగు మంచిది లాంటి సంగతులు ఇక్కడ వదిలేస్తున్నాను. నాకు కావలసింది ఆ ముడతే.

పక్క తలుపుల అద్దాలతో పేచీ లేదు. అవి తలుపులోకి దిగాలి కాబట్టి దాదాపు పెద్ద గొట్టంలోంచి కోసిన ముక్కలా, ఒకవైపే గట్టిగా వంగి ఉంటాయి. గొట్టానికి కాగితం చుట్టడం ఎవరికైనా చేతనవుతుంది. వెనక అద్దం అలా కాదు. అది ఎక్కడికీ కదలక్కర్లేదు. అందుకని దాన్ని అడ్డంగానూ వంచుతారు, నిలువుగానూ వంచుతారు. కాగితాన్ని బంతి మీద పరిచి చూడండి. మధ్యలో కుదురుకుంటుంది, అంచుల దగ్గర లేచి నిలబడుతుంది. ఎంతటి నేర్పరి చేతికిచ్చినా అంతే.

అంతే అని 1827లో జర్మన్ గణితవేత్త కార్ల్ ఫ్రెడరిక్ గాస్ నిరూపించాడు. వంపు తిరిగిన తలం మీద ఏ బిందువు దగ్గరైనా రెండు ముఖ్యమైన వంపులుంటాయి, ఒకదానికొకటి లంబంగా. ఆ రెండింటి లబ్ధాన్ని ఇప్పుడు గాసియన్ వక్రత అంటున్నాం. ఒక పొరను సాగదీయకుండా, కుదించకుండా, ఊరికే వంచినంత మాత్రాన ఆ లబ్ధం మారదు. బల్లపరుపు ఫిల్మ్‌కి అది సున్నా. గొట్టానికి రెండు వంపుల్లో ఒకటి సున్నా కాబట్టి లబ్ధమూ సున్నాయే, అందుకే గొట్టం మీద ఫిల్మ్ హాయిగా పడుకుంటుంది. వెనక అద్దానికి లబ్ధం సున్నా కాదు. కాబట్టి ఫిల్మ్‌ని ఎంత వంచినా లాభం లేదు, దాని కొలతలే మారాలి. గాస్ అంతకు ముందు కొన్నేళ్లుగా హానోవర్ రాజ్యాన్ని కొలిచే సర్వే నడిపిస్తున్నాడు. గుండ్రటి భూమిని వక్రీకరణ లేకుండా సమతలమైన పటం మీదికి దించలేకపోవడానికీ, మన ఫిల్మ్ అంచుల దగ్గర లేవడానికీ కారణం ఒకే సిద్ధాంతం.

కొలతలు ఎంత మారాలి? లెక్క వేద్దాం. అద్దం వెడల్పు 1.2 మీటర్లు, ఎత్తు 60 సెంటీమీటర్లు అనుకుందాం. అది 2 మీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళంలో ముక్క అనుకుందాం. అసలు అద్దానికి నిలువు వంపు, అడ్డం వంపు ఒకటిగా ఉండవు. కానీ ఒకటి 1 మీటరు వ్యాసార్ధంతో, రెండోది 4 మీటర్లతో ఉన్నా లబ్ధం ఇదే వస్తుంది, కాబట్టి గోళంతో పని జరిగిపోతుంది. అద్దం నడిమధ్య అడ్డంగా ఒక గీత ఊహించండి. దాన్ని భూమధ్యరేఖ అందాం. అప్పుడు పై అంచు ఒక అక్షాంశరేఖ అవుతుంది, కింది అంచు ఇంకొకటి. భూమధ్యరేఖ కన్నా అక్షాంశరేఖ పొట్టి, కోణపు కొసైన్ ఎంతో అంత. ఇక్కడ కోణం 0.3ను 2తో భాగిస్తే 0.15 రేడియన్లు. దాని కొసైన్ 0.9888. అంటే పై అంచు దగ్గర అద్దం నడిమి గీత కన్నా 1.1 శాతం పొట్టి. 1.2 మీటర్ల మీద 13 మిల్లీమీటర్ల పైచిలుకు.

గొడవంతా ఈ 13 మిల్లీమీటర్లదే. ఫిల్మ్ పై అంచులో అంత మిగులుంది, దానికి అద్దం మీద చోటు లేదు.

చోటు లేకపోతే తనంతట తాను కొంచెం నొక్కుకుని సర్దుకోవచ్చు కదా అంటే, పలచటి పొరలకి ఆ గుణం ఉండదు. సాగడానికీ కుదియడానికీ పొర చూపే బిగువు దాని మందంతో పాటు పెరుగుతుంది. వంగడానికి చూపే బిగువు మందం ఘనంతో పెరుగుతుంది. మందం సుమారు 40 మైక్రాన్లే అయినప్పుడు ఆ ఘనం ఎంత చిన్నదో చూడండి. ఐదు సెంటీమీటర్ల వెడల్పు ముడత లేవడానికి లక్షలో ఒక వంతు నొక్కుడు కూడా అక్కర్లేదు. అందువల్ల ఫిల్మ్ కుదియదు, లేస్తుంది. పోనీ అంచుల్ని వదిలేసి మధ్య భాగాన్నే చేత్తో లాగి సాగదీద్దామా? మీటరు వెడల్పు ఫిల్మ్‌ని ఒక శాతం సాగదీయడానికి సుమారు 160 కిలోల బరువు వేలాడదీసినంత బలం కావాలి. లేచిన ఈ ముడతల్ని పనివాళ్లు ఫింగర్లు అంటారు. నిజంగానే వేళ్లలా వరసగా నిలబడతాయి.

మంచి పనివాడు ముందుగా ఏం చేస్తాడో గమనించండి. ఫిల్మ్‌ని అద్దానికి బయటివైపు పరుస్తాడు. నడిమధ్య అడ్డంగా ఒక పట్టీ, రెండు పక్కలా నిలువుగా రెండు పట్టీలు తడిపి అంటిస్తాడు. ఇంగ్లిషు హెచ్ అక్షరంలా ఉంటుంది. మిగతా చోట్ల టాల్కం పౌడరు పల్చగా రాస్తాడు, ఫిల్మ్ జారడానికి. దాంతో మిగులంతా పై అంచుకీ కింది అంచుకీ చేరి నిలువు ఫింగర్లుగా లేస్తుంది. ఫలానా వాడి హస్తవాసి మంచిదండీ, వాడు వేస్తే బుడగ రాదు అని కార్ల వాళ్లు చెప్పుకుంటారు. ఆ నైపుణ్యం మీద నాకు అపారమైన గౌరవం ఉంది. అయితే అది అదృష్టం కాదు. అతను ఆ అద్దం మీద భూమధ్యరేఖ గీశాడు. రేఖాంశాల వెంబడి, అంటే పైకీ కిందికీ, ఫిల్మ్ కొలత ఇప్పుడు సరిగ్గా సరిపోతుంది. తప్పంతా అక్షాంశాల వెంబడి, అంటే అడ్డంగానే ఉంది. రెండు దిశల సమస్యని ఒక్క దిశకి కుదించేశాడు.

ఇది ఎంత ముఖ్యమో ఫిల్మ్ తయారీ చూస్తే తెలుస్తుంది. ఆ పొర పాలిథిలిన్ టెరిఫ్తాలేట్, పెట్ అని మనకు తెలిసిన ప్లాస్టిక్. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు పేటెంటు తీసుకున్న పదార్థం. నీళ్ల సీసాలదీ అదే. ఫ్యాక్టరీలో ఈ పొరని వేడి మీద పొడవు దిశలో మూడు నాలుగు రెట్లు, వెడల్పు దిశలో కూడా అలాగే లాగుతారు. తరవాత 200 డిగ్రీల పైన వేడిలో బిగించి ఉంచుతారు. సాగిన గొలుసు అణువుల్లో చాలా భాగం అప్పుడు చిన్న చిన్న స్ఫటికాలుగా గట్టిపడుతుంది. ఆ స్ఫటికాల మధ్య ఇరుక్కున్న ముక్కలు మాత్రం సాగిన స్థితిలోనే, వెనక్కి ముడుచుకోవాలన్న లాగుడుతో ఆగిపోతాయి.

ఆ లాగుడు ఎక్కడిది? ఇద్దరు పిల్లలు ఒక తాడు రెండు కొసలూ పట్టుకుని దూరంగా నిలబడ్డారనుకోండి. మధ్యలో పది మంది ఆ తాడుని ఇష్టం వచ్చినట్టు అటూ ఇటూ ఊపుతున్నారు. కొసలు దగ్గరికి లాక్కుపోతాయి. కావాలని ఎవరూ లాగడం లేదు. తాడు వంకరగా ఉండడానికి లెక్కలేనన్ని తీర్లున్నాయి, తిన్నగా ఉండడానికి ఒక్కటే. ఊపు పెరిగేకొద్దీ కొసలు పట్టుకున్నవాళ్ల మీద లాగుడు పెరుగుతుంది. అణువుల విషయంలో ఆ ఊపు పేరే వేడి. వంద ముక్కల గొలుసుని తిన్నగా లాగితే వంద ముక్కల పొడవు. వదిలేస్తే ప్రతి ముక్కా తోచిన దిక్కుకి తిరుగుతుంది కాబట్టి కొసల మధ్య దూరం సగటున వందకి వర్గమూలం, అంటే పది. పిల్లలు ఇక్కడ స్ఫటికాలు. అవి చేయి వదలవు, కానీ దగ్గరికి జరుగుతాయి. ఆ జరగడమే మనం చూసే కుదింపు.

మామూలు వేడిలో ఈ గొలుసులు గాజులా బిగుసుకుని ఉంటాయి, ఊగలేవు. 70, 80 డిగ్రీల దగ్గర వాటికి కదలిక వస్తుంది. సలసల మరిగే నీళ్లు పోస్తే పల్చటి నీళ్ల సీసా గిడసబారిపోవడం చూసే ఉంటారు, అది ఇదే. టింట్ ఫిల్మ్ స్ఫటికాలతో బిగించింది కాబట్టి మొండిది, దానికి వంద దాటిన వేడి కావాలి. ఇక పాఠకుడు అడిగిన వ్యాకోచం సంగతి. అది కూడా జరుగుతుంది. వంద డిగ్రీలు పెంచితే ఈ ఫిల్మ్ 0.2 శాతం దాకా వ్యాకోచిస్తుంది, చల్లారగానే అదంతా పోతుంది. గొలుసులు ముడుచుకోవడం దానికి ఎన్నో రెట్లు, పైగా చల్లారినా వెనక్కి రాదు.

బడిలో లోహపు గుండు, వలయం ప్రయోగం చూపించి వేడికి పదార్థాలు వ్యాకోచిస్తాయని ముగించేస్తాం. పక్కనే ఒక రబ్బరు బ్యాండుకి బరువు కట్టి వేడిగాలి తగిలిస్తే, బరువు పైకి లేవడం పిల్లలు కళ్లారా చూస్తారు. దీన్ని కనిపెట్టినవాడు జాన్ గాఫ్. పసితనంలోనే మశూచికంతో చూపు పోయిన మనిషి. రబ్బరుని పెదవులకి ఆనించి, లాగితే వెచ్చబడుతోందని, వేడి చేస్తే ముడుచుకుంటోందని గ్రహించి 1805లో ప్రచురించాడు. తరవాత 1859లో జౌల్ కొలిచి నిర్ధారించాడు. రెండొందల ఏళ్ల నాటి ఈ ప్రయోగానికి పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇవ్వాలని నా గట్టి కోరిక.

ఫిల్మ్ రోలు పొడవు దిశలోనే కుదింపు బాగా వస్తుంది. మన మిగులు ఉన్నది అడ్డంగా. కాబట్టి రోలు పొడవుని అద్దం వెడల్పు వెంబడి పరవాలి. అడ్డదిడ్డంగా పరిస్తే హీట్ గన్ ఎంతసేపు పట్టినా ఫింగర్లు మొరాయిస్తాయి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. పనివాడు గన్‌ని ఫింగర్ మీద ఆడిస్తున్నాడు. వేడిగాలి ఫింగర్ మీదా పడుతుంది, దాని చుట్టూ అద్దానికి అంటుకున్న ఫిల్మ్ మీదా పడుతుంది. మరి ఫింగర్ ఒక్కటే ఎందుకు ముడుచుకుంటుంది? చదరపు మీటరు ఫిల్మ్‌ని, దాని జిగురుని కప్పి ఉంచే లైనరు అనే పొరతో సహా, ఒక డిగ్రీ వేడెక్కించడానికి వంద జౌళ్ల పైచిలుకు చాలు. అదే చదరపు మీటరు అద్దానికి, మూడున్నర మిల్లీమీటర్ల మందానికి, 7 వేల జౌళ్ల పైనే కావాలి. సుమారు 70 రెట్లు. అద్దాన్ని తాకుతున్న ఫిల్మ్ తనకొచ్చిన వేడినంతా అద్దానికి ఇచ్చేస్తుంది, అద్దం దాన్ని లెక్కచేయదు. లేచి ఉన్న ఫింగర్ కింద గాలి తప్ప ఏమీ లేదు. అది క్షణాల్లో కాగిపోతుంది, ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ కిందికి వాలుతుంది. అద్దాన్ని తాకిన క్షణాన చల్లబడి, ఆ కొత్త ఆకారంలోనే బిగుసుకుంటుంది. ఎక్కడ మిగులుందో అక్కడే వేడెక్కుతుంది, మిగులు తీరగానే వేడి తనంతట తాను ఆగిపోతుంది. దగ్గరగా చూస్తే ఫింగర్ ముందుగా తన మొదలు దగ్గర సన్నబడి, వణికి, అంచు వైపుకి వెనక్కి నడుస్తున్నట్టుంటుంది. పనివాడు వెంటనే హార్డ్ కార్డుతో, అంటే గట్టి ప్లాస్టిక్ బిళ్లతో, దాన్ని అదిమేస్తాడు. అడుగున నీళ్లు ఎక్కువ ఉంటే ఈ ఆట చెడుతుంది, నీరు ఆవిరయ్యేదాకా ఫింగర్ వంద డిగ్రీలు దాటదు. పౌడరుతో పొడిగా చేసే పద్ధతి అందుకే చురుగ్గా సాగుతుంది.

పెద్ద ఫింగర్‌ని చిన్న ఫింగర్లుగా ఎందుకు చీలుస్తారో కూడా లెక్కలో తేలుతుంది. 13 మిల్లీమీటర్ల మిగులంతా ఐదు సెంటీమీటర్ల ఒక్క ఫింగర్‌లో పోగైతే అది ఏకంగా నాలుగో వంతు కుదియాలి. పెట్ ఫిల్మ్ వల్ల కాదు, మసకబారి, మడతపడి పాడవుతుంది. అదే మిగులుని పన్నెండు ఫింగర్లకి పంచితే ఒక్కోదానికి ఒక మిల్లీమీటరు చిల్లర, రెండు శాతం. చూడ్డానికి ఒక్కోటి అర సెంటీమీటరు ఎత్తు లేచి భయపెడుతుంది గానీ, లోపల దాగిన మిగులు మిల్లీమీటరే.

బయట తయారైన ఫిల్మ్ లోపలివైపు ఎలా సరిపోతుందని అనుమానం రావచ్చు. బయట పరిచినప్పుడు జిగురు వైపు, లైనరుతో సహా, పైకి ఉంటుంది. లోపల అంటించినప్పుడూ జిగురు బయటి దిక్కుకే చూస్తుంది. కాబట్టి ఆకారాన్ని తిరగేయక్కర్లేదు, అద్దం మందమంత లోపలికి జరిపితే చాలు. దానివల్ల వచ్చే తేడా మొత్తం వెడల్పు మీద ఒకటి రెండు మిల్లీమీటర్లు, అదీ అన్ని వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి ముడత రాదు, అంచున కాస్త కత్తిరిస్తే సరి.

ఇక హద్దు ఎక్కడ? ఇదే అద్దానికి వ్యాసార్ధం 2 మీటర్లు కాక 1 మీటరే అయితే అంచుల దగ్గర మిగులు 4.5 శాతానికి, అంటే 54 మిల్లీమీటర్లకి చేరుతుంది. అంత గుండ్రటి అద్దం మీద ఒకే ముక్క వేయడం గొప్ప పనివాళ్లకి కూడా గండమే. అలాంటప్పుడు పాతకాలం పద్ధతి ఒకటి ఉంది, ఫిల్మ్‌ని అడ్డంగా రెండు పట్టీలుగా కోసి వేయడం. మిగులు ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి పట్టీ ఎత్తు సగమైతే మిగులు నాలుగో వంతు, మళ్లీ 13 మిల్లీమీటర్లే. అతుకు మాత్రం డీఫాగర్ గీత మీద, అంటే అద్దం మీది మసకని పోగొట్టే వేడి గీతల్లో ఒకదాని మీద, పడేలా కోస్తారు, ఆ గీత ఎలాగూ ఉంది కాబట్టి కంటికి తెలియదు.