మాది బస్టాప్ కాదండీ: ఎంఎంటీఎస్ కౌంటర్ నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ లోకల్ రైళ్లు ఆగే ఒక చిన్న స్టేషన్‌లో టికెట్లు ఇవ్వడం నా ఉద్యోగం. పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర దాకా తల ఎత్తే తీరిక ఉండదు. కిటికీకి అవతల చిల్లర లేని వాళ్లు, తొందర ఉన్న వాళ్లు, కోపం ఉన్న వాళ్లు. టికెట్ అడిగేవాళ్లతో పాటు తీర్పులు చెప్పేవాళ్లూ ఉంటారు. "మీ రైల్వేవాళ్లు కావాలనే లేట్ చేస్తరు" దగ్గర్నుంచి "నిన్న యూట్యూబ్‌ల చూసిన సార్, ప్లాట్‌ఫాం టికెట్ చాలట" దాకా అన్నీ విన్నాను. క్యూ ఆపి వివరం చెప్పలేను కాబట్టి, ఇక్కడ చెబుతున్నాను.

అపోహ: ఎంఎంటీఎస్, మెట్రో రెండూ ఒకటే. ఒక టికెట్ రెండింటికీ పనికొస్తుంది.

ఈ పొరపాటులో జనం తప్పు కొంతే. ఎంఎంటీఎస్ అంటే మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్. రైలు, బస్సు, ఇంకా ఏవేవో కలిసి ఉన్నట్టు వినిపించే పేరు. నిజానికి ఇది దక్షిణ మధ్య రైల్వే నడిపే లోకల్ రైలు, అంతే. 2003 ఆగస్టు 9న మొదలైంది. మొదటి దశ ఖర్చును రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే చెరి సగం పెట్టుకున్నాయి. మెట్రో 2017 నవంబర్‌లో వచ్చింది. దాని సంస్థ వేరు, పట్టాలు వేరు, టికెట్టూ వేరే.

భరత్‌నగర్, ఖైరతాబాద్, నాంపల్లి, మలక్‌పేట లాంటి చోట్ల రెండు స్టేషన్లకూ దాదాపు ఒకే పేరు. అందుకే మా టికెట్ పట్టుకుని మెట్రో గేటు దగ్గర నిలబడ్డవాళ్లు, మెట్రో కార్డు తెచ్చి మా కిటికీలో పెట్టినవాళ్లు రోజూ తగులుతారు. మా దగ్గర కనీస చార్జీ 5 రూపాయలు. మెట్రోలో ఆ రేటు ఉండదు. మెట్రోకి ఉన్నట్టు అయిదు నిమిషాలకో బండి మా దగ్గరా ఉండదు. ఎందుకో కింద లేటు సంగతి దగ్గర చెబుతాను.

అపోహ: ఈ లైను 2003లో వేశారు.

2003లో వచ్చినవి బండ్లు, కొన్ని కొత్త స్టేషన్లు. లింగంపల్లి వైపు పట్టాల దారి 1874 నాటిది. బొంబాయి-మద్రాసు ప్రధాన మార్గంలో ఉన్న వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ వరకు నిజాం రాజ్యం వేయించుకున్న లైను అది. అప్పటికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి 8 ఏళ్లు. పాలన దివాన్ సాలార్‌జంగ్ చేతిలో ఉండేది. మీరు చందానగర్‌లో ఎక్కి బేగంపేటలో దిగుతుంటే, దాదాపు ఆ దారినే పోతున్నట్టు.

దీనికి తోకలాంటి అపోహ ఇంకొకటుంది: "బ్రిటిష్ వాళ్లు మనకి రైలు కట్టించి ఇచ్చారు" అని. వాళ్లు కట్టినది నిజం, ఊరికే ఇచ్చినది కాదు. 1883లో లండన్‌లో ఒక కంపెనీ పెట్టి ఈ లైనును దానికి అప్పగించారు. పేరు నిజాంస్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ 'గ్యారంటీడ్' అన్న మాటలోనే కథంతా ఉంది. వాటాదారులకు లాభం వచ్చినా రాకపోయినా, వాళ్ల పెట్టుబడికి వడ్డీ కడతానని హామీ ఇచ్చింది నిజాం ప్రభుత్వం. అంటే నష్టం వస్తే భరించేది మన ఖజానా. ఆ పథకం కిందే లైనును 1889లో బెజవాడ దాకా లాగారు. చాందా (ఇప్పటి చంద్రపూర్) వైపు కూడా పొడిగించాలన్నది ఆలోచన.

షరతులు ఏమిటో జనానికి చెప్పకుండా ఒప్పందం కుదుర్చుకోవడం ఏమిటని అప్పట్లోనే హైదరాబాద్‌లో కొందరు చదువుకున్నవాళ్లు గట్టిగా అడిగారు. వాళ్లలో ముందున్నది సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ. ఫలితంగా 1883లో ఆయన్ని ఊరి నుంచే బహిష్కరించారు. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు దీన్ని 'చాందా రైల్వే ఆందోళన' అని బట్టీ పడతారు. వాళ్లలో సగం మంది మా స్టేషన్‌లోనే దిగి కోచింగ్‌కి పోతారు. ఆ గొడవ తమ కాళ్ల కిందున్న ఈ రైల్వే గురించేనని మాత్రం ఎవరూ చెప్పినట్టు లేరు. చివరికి 1930లో నిజాం ప్రభుత్వం డబ్బు కట్టి ఈ రైల్వేని సొంతం చేసుకుంది.

ఫలక్‌నుమా వైపు కథ వేరు. కాచిగూడ స్టేషన్ 1916లో కట్టారు. కాచిగూడ మీదుగా పోయే ఆ లైను చాలా కాలం మీటర్ గేజ్. పట్టాల మధ్య దూరం సరిగ్గా 1,000 మిల్లీమీటర్లు. ఇప్పుడున్న బ్రాడ్ గేజ్ 1,676. పాత సీనియర్లు ఇప్పటికీ ఆ వైపుని "చిన్న లైను" అంటారు. మేడ్చల్ వైపు కూడా అంతే, అది మన్మాడ్ దాకా పోయే మీటర్ గేజ్ దారి. కాచిగూడ లైనును బ్రాడ్ గేజ్ చేశాక గానీ లింగంపల్లిలో ఎక్కినవాళ్లు బండి మారకుండా ఫలక్‌నుమా దాకా పోవడం కుదరలేదు.

అపోహ: లోకల్ లేటైతే అది స్టేషన్ మాస్టర్ చేతిలో పని. ఆయన అనుకుంటే పంపించొచ్చు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ తిట్టించిన అపోహ ఇదే. మొదటి సంగతి, చాలా చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరే ఉండడు. ఉండేది మాలాంటి టికెట్ల వాళ్లు. పట్టాలు చీలే చోటు, వాటికి సిగ్నళ్లు ఉన్న స్టేషన్‌లోనే బండ్ల నడకతో సంబంధమున్న మాస్టర్ ఉంటారు. మిగతావి బండి ఆగి, జనం ఎక్కి దిగే చోట్లు.

రెండోది, మాస్టర్ ఉన్నచోట కూడా ఏ బండి ముందు, ఏది వెనక అన్నది తేల్చేది డివిజన్ ఆఫీసులో కూర్చునే సెక్షన్ కంట్రోలర్. ఆయన ముందు ఆ సెక్షన్‌లో నడుస్తున్న బండ్లన్నీ ఉంటాయి. ముంబయి వైపు ఎక్స్‌ప్రెస్‌లు, బీదర్ వైపువి, బొగ్గు, సిమెంటు మోసే గూడ్సులు, మధ్యలో మన లోకల్. అందరికీ అవే పట్టాలు. సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫాం ఖాళీ లేక ఒక ఎక్స్‌ప్రెస్ బయట నిలబడితే, దాని వెనక బండి నిలబడుతుంది, దాని వెనక మన లోకల్. మీరు కూర్చున్న పెట్టెలోంచి చూస్తే ముందు ఏమీ కనబడదు. "ఖాళీ పట్టాల మీద ఊరికే ఆపిండు" అనిపిస్తుంది. ఎర్ర సిగ్నల్ అవతల ఏముందో మీకు తెలీదు, బండి నడిపే మోటార్‌మ్యాన్‌కీ తెలీదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. లింగంపల్లి వైపు లైను సికింద్రాబాద్ డివిజన్‌ది, ఫలక్‌నుమా వైపుది హైదరాబాద్ డివిజన్‌ది. ఒకే లోకల్ ఒక కంట్రోల్ చేతిలోంచి ఇంకో కంట్రోల్ చేతిలోకి పోతుంది. అప్పగింత దగ్గర రెండు మూడు నిమిషాలు పోయాయంటే వెనక బండ్లకి కూడా అంటుకుంటాయి.

లోకల్స్‌ని తొక్కిపెట్టి ఎక్స్‌ప్రెస్‌లని పంపడం అసలు జరగదని నేను అనను. జరుగుతుంది. 20 గంటలు ప్రయాణం చేసి వస్తున్న బండిని ఊరి పొలిమేరలో ఆపితే అది కూడా ఎవరికో కష్టమే. కానీ ఆఫీసు టైంలో లోకల్‌కి వరసగా ఎర్ర సిగ్నల్ పడితే నాకూ కోపమే వస్తుంది. ఆ క్యూ తిరిగి వచ్చి నిలబడేది నా కిటికీ ముందే కదా. దీనికి మందు అదనపు పట్టాలే తప్ప కౌంటర్ దగ్గర అరుపులు కాదు. ఎంఎంటీఎస్ రెండో దశలో సనత్‌నగర్ నుంచి మౌలాలి వైపు, అక్కణ్నుంచి ఘట్‌కేసర్ వైపు లైన్లు పెంచడం ఇందుకే. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచాక కొన్ని దూరపు బండ్లు సికింద్రాబాద్ దాకా రావడం మానేశాయి. ఆ మేరకు కొంత ఊపిరి ఆడుతోంది.

అపోహ: టికెట్ ఉంది కదా, ఆ దారిలో పోయే ఏ బండైనా ఎక్కొచ్చు.

లోకల్ టికెట్ లోకల్‌కే. లింగంపల్లిలో ఎక్స్‌ప్రెస్ కనబడగానే 10 రూపాయల టికెట్‌తో ఎక్కేస్తే, మీరు టికెట్ లేనివాళ్ల కిందే లెక్క కావచ్చు. తేడా చార్జీతో పాటు జరిమానా కూడా పడుతుంది. కనీస జరిమానా 250 రూపాయలు. సీజన్ టికెట్ ఉన్నవాళ్లు రిజర్వేషన్ పెట్టెలో "రెండు స్టేషన్లే కదా" అని కూర్చోవడం కూడా ఇదే బాపతు.

అపోహ: ప్లాట్‌ఫాం టికెట్‌తో ప్రయాణం చెయ్యొచ్చు.

చెయ్యకూడదు. అది 10 రూపాయలకు 2 గంటలు ప్లాట్‌ఫాం మీద ఉండటానికి. వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లో ఉన్న నిజం ఒక్క ముక్కే. తప్పనిసరై ఎక్కి, మీ అంతట మీరే బండిలో టికెట్లు తనిఖీ చేసే టీటీఈ దగ్గరికి పోయి చెబితే, చార్జీని బండి బయలుదేరిన ఊరి నుంచి కాకుండా మీరు ఎక్కిన స్టేషన్ నుంచి లెక్క కట్టడానికి ఆ టికెట్ సాక్ష్యంగా పనికొస్తుంది. జరిమానా మాత్రం తప్పదు.

అపోహ: రైల్వే యాప్‌లో టికెట్ కొని స్క్రీన్‌షాట్ పంపితే చాలు.

చాలదు. పేపర్‌లెస్ టికెట్ యాప్‌లోనే తెరిచి చూపించాలి, అదీ టికెట్ తీసిన ఫోన్‌లోనే. నెట్ లేకపోయినా యాప్‌లో కనబడుతుంది కాబట్టి "సిగ్నల్ లేదు సార్" అన్న మాట చెల్లదు. స్టేషన్ లోపలికి వచ్చాక యాప్ ఎందుకు టికెట్ ఇవ్వట్లేదని చాలామంది అడుగుతారు. చెకింగ్ వాళ్లు కనబడగానే టికెట్ తీసే తెలివికి అడ్డుకట్ట అది. బయట ఉన్నప్పుడే తీసుకోండి. లేదా స్టేషన్‌లో గోడకి అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి, లోపలున్నా వస్తుంది.

సీజన్ టికెట్ గురించి ఒక్క మాట. నెల పాస్ లెక్క కట్టేది సుమారు 15 ఒంటి ప్రయాణాల చార్జీ మీద. అంటే రానూపోనూ కలిపితే ఎనిమిది రోజుల్లో డబ్బు తిరిగొచ్చినట్టే. మూడు నెలల పాస్‌కి నెల పాస్ ధరకి 2.7 రెట్లు. అయినా రోజూ క్యూలో నిలబడి "ఒక సికింద్రాబాద్" అనే పాత మొహాలు నాకు ఓ పదిహేను తెలుసు. ఎన్నిసార్లు చెప్పినా "రేపు చూద్దాం అన్నా" అంటారు.

అపోహ: స్టేషన్ పేరుండే పసుపు బోర్డు మీద రాసిన సముద్రమట్టం ఎత్తు చూసి డ్రైవర్ వేగం సరిచూసుకుంటాడు.

ఎక్కడ పుట్టిందో గానీ చాలా పాపులర్. డ్రైవర్‌కి కావలసింది ముందున్న దారి ఎక్కుడా దిగుడా అన్నది. దానికి పట్టాల పక్కన గ్రేడియంట్ పోస్టులు వేరే ఉంటాయి. మొదట్లో లైను వేసేటప్పుడు మట్టాలు సరిపోల్చుకోవడానికి ఈ ఎత్తు పనికొచ్చింది. ఇప్పుడది బోర్డు మీద మిగిలిపోయిన ఆనవాయితీ.

అపోహ: పట్టాల పైనున్న కరెంటు తీగ ముట్టుకుంటేనే షాక్.

ఇది మాత్రం దయచేసి ఆగి చదవండి. మన ఇంట్లో కరెంటు 230 వోల్టులు. ఆ తీగలో 25,000. అంత వోల్టేజి గాలిలోంచే దూకి మనిషిని అందుకుంటుంది. కనీసం 2 మీటర్ల దూరం ఉండాలని మా వాళ్లకే నియమం, అదీ శిక్షణ తీసుకున్నవాళ్లకి. ఆగి ఉన్న గూడ్సు పెట్టె ఎక్కి సెల్ఫీ తీసుకునే పిల్లవాడు తీగని తాకక్కర్లేదు, దాని దగ్గరికి తల ఎత్తితే చాలు. "బండి కదలట్లేదు కదా, కరెంటు తీసేసుంటారు" అనుకోవద్దు. బండి ఉన్నా లేకపోయినా ఆ తీగలో ఎప్పుడూ కరెంటు ఉన్నట్టే లెక్క.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. వాళ్లమ్మతో వచ్చిన ఒక బాబు మొన్న కిటికీ అంచు పట్టుకుని అడిగాడు, "అంకుల్, లోకల్‌కి ఇంజిన్ ఎందుకుండదు?" అని. ఉంటుంది, కానీ విడిగా కాదు. మోటార్లు కొన్ని పెట్టెల్లోనే ఉంటాయి, నడిపే క్యాబిన్ రెండు చివర్లా ఉంటుంది. అందుకే లింగంపల్లిలో ఇంజిన్ తిప్పే పని లేదు. మోటార్‌మ్యాన్ ఈ చివర దిగి ఆ చివరికి నడిచిపోతాడు, గార్డు ఇటొస్తాడు. గార్డుని ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు, మా నోటికి ఇంకా అలవాటు కాలేదు. ఆయన ఒక గంట కొడితే ఆపమని, రెండు కొడితే బయలుదేరమని. ఆ బాబు వాళ్లమ్మని లాక్కుని గార్డు పెట్టె వైపు పరిగెత్తాడు, గంట వినాలని. వెనక క్యూలో ఉన్నాయన మాత్రం, "సార్, ఫలక్‌నుమా ఒకటి, జల్దీ ఇవ్వండి" అన్నాడు.