విదేశంలో చదివే పిల్లలచేత రాయించడం: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో మాస్టర్స్ చేస్తున్న మన పిల్లలచేత, అక్కడి తమ అనుభవాల మీద ఆగి ఆలోచించేలా, వారానికో పేజీ రాయిస్తుంటాను. ఏం రాయాలో చెప్పను, ప్రశ్నలు మాత్రం ఇస్తాను. ఈ పని మీద నేను తరచూ వినే మాటలివి.

అపోహ: విదేశంలో ఉంటే చాలు, లోకజ్ఞానం దానంతటదే వస్తుంది.

వాస్తవం: రాదు. ఫ్లాట్‌లో నలుగురూ తెలుగువాళ్లే, క్లాసులో పక్కన కూర్చునేదీ మనవాళ్లే. అది తప్పని అనను. ఆ అండ లేకపోతే మొదటి చలికాలం గడవడం కష్టం. కానీ ఆగి ఆలోచించకపోతే రెండేళ్లు అలాగే దాటిపోతాయి.

అపోహ: డైరీ రాసుకున్నా ఇంతే కదా!

వాస్తవం: ఒకబ్బాయి "ఇక్కడివాళ్లకు మనుషులంటే పట్టదు" అని రాశాడు. డైరీ అయితే అక్కడే ఆగేది. చూసింది, విన్నది మాత్రమే రాయమన్నాను. "కారిడార్‌లో క్లాస్‌మేట్ 'హౌ ఆర్ యూ' అంది. నేను జవాబు చెప్పేలోపే వెళ్లిపోయింది." దీనికి ఇంకేం అర్థాలుండొచ్చో మూడు రాయమన్నాను. మూడోది ఇలా వచ్చింది: "మా ఊళ్లో ఎదురైనవాళ్లను 'భోంచేశారా' అంటాం. లేదని చెబితే ఇంటికి తీసుకెళ్లి వడ్డిస్తామనా?" ముందు జరిగింది, తర్వాత దాని అర్థం, ఆఖరున మంచిచెడ్డలు. ఈ వరస తప్పకుండా చూడటమే నా పనిలో ముఖ్యమైన భాగం.

అనుభవం గురించి ఆలోచించి నేర్చుకోవడానికి గ్రాహమ్ గిబ్స్ 1988లో చెప్పిన చక్రంలో ఆరు మెట్లున్నాయి. మంచిదే, కానీ కొత్తవాళ్లకు ఆరూ ఇస్తే దరఖాస్తు నింపినట్టు నింపేస్తారు. మూడు ప్రశ్నలు చాలు.

అపోహ: ఇంగ్లీషులోనే రాయాలి.

వాస్తవం: 'బెంగ'కు ఇంగ్లీషు మాట వెతుకుతూ ఆగిపోయినవాళ్లను చూశాను. తెలుగులో రాయనివ్వండి.

అపోహ: మార్కులుంటేనే రాస్తారు.

వాస్తవం: మార్కులుంటే మనకు నచ్చేది రాస్తారు. నేను రాశారా లేదా అన్నదే చూస్తాను. ప్రతి పేజీకీ రెండు లైన్ల జవాబు మాత్రం తప్పకుండా ఇస్తాను. అది లేకపోతే మూడోవారానికి మానేస్తారు.

అపోహ: రాసేస్తే బాధ తీరిపోతుంది.

వాస్తవం: ఇది ప్రమాదకరమైన నమ్మకం. అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమను కలచివేసిన సంఘటన గురించి రాశారు. జరిగిందాన్నీ, మనసులో కలిగినదాన్నీ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో హెల్త్ సెంటర్‌కు వెళ్లడం తగ్గింది. కానీ రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. అందుకే లోతైన ప్రశ్న ఇచ్చి పిల్లల్ని ఒంటరిగా వదిలేయకూడదు. నిద్రపట్టడం లేదని, తినబుద్ధి కావడం లేదని వరుసగా రాస్తే కౌన్సెలర్‌తో మాట్లాడిస్తాను. బతకాలని లేదని రాస్తే ఒక్క గంట కూడా ఆగను. అమెరికాలో ఇలాంటి సమయంలో సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. అలాంటప్పుడు విషయం నా దగ్గరే దాచనని మొదటిరోజే వాళ్లకు చెప్పి ఉంచుతాను.

మిగతాదంతా రహస్యమే. మా అమ్మాయి రాసింది ఒకసారి చూపించండి అని అడిగే తల్లిదండ్రులకు కూడా చూపించను. ఫోన్‌లో "ఏం తిన్నావ్" అన్నాక, "ఈ వారం నీకు వింతగా అనిపించిందేమిటమ్మా?" అని అడిగి చూడమంటాను.